పాప పొట్టలోకి చేరే చుట్టాలు

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. పాపకి మూడు రోజులు నిండాయి, చెల్లెమ్మకి కుట్ల నొప్పి తగ్గుతోంది, అంతా బాగానే ఉంది అని రాస్తూనే చివర్లో ఒక మాట అన్నావు చూడు, అది నన్ను పొద్దుట్నుంచీ వదల్లేదు. "ఆపరేషన్‌తో పుట్టిన పిల్లలకి మంచి బ్యాక్టీరియా అందదటగా, మా పాపకి పుట్టగానే అన్యాయం చేశామా?" అని. ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ నువ్వు నిద్ర లేక అల్లాడుతున్నావు, నేనేమో ఈ విషయం ఎత్తితే గంటకి గానీ వదలను. అందుకే ఉత్తరం. పాప పడుకున్నప్పుడల్లా కాస్త కాస్త చదువుకో. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు.

ముందే చెప్పేస్తున్నాను, అన్యాయమేమీ జరగలేదు. కొంత ఆలస్యం జరిగింది. ఆ ఆలస్యం ఎక్కడిదో, ఎలా పూడుతుందో చెబుతాను.

నిన్న డైపర్ విప్పితే నల్లగా తారులాగా, తుడిచినా వదలకుండా అంటుకుందని కంగారుపడ్డావు కదా. దాన్నే డాక్టర్లు మెకోనియం అంటారు. పాప కడుపులో ఉన్న నెలల్లో మింగిన ఉమ్మనీరు, రాలిన చర్మకణాలు, సన్నటి నూగు, పేగు లోపలి జిగురు, పైత్యరసం, అన్నీ కలిసి గట్టిపడితే అలా అవుతుంది. ఆ నలుపాకుపచ్చ రంగు పైత్యరసానిది. వాసన చూశావా? దాదాపు ఉండదు. ఎందుకంటే దాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా ఇంకా అక్కడ బలపడలేదు.

ఇది మొదట శ్రద్ధగా చూసినాయన థియోడోర్ ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు. 1885లో మ్యూనిక్‌లో పసిబిడ్డల మలాన్ని రోజుల తరబడి మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. పుట్టిన వెంటనే వచ్చే మలంలో ఏ సూక్ష్మజీవీ లేదు. కొద్ది గంటలు గడిచేసరికి ఒకటీ అరా కనిపించడం మొదలు, రోజు గడిచేసరికి గుంపులు. అందులో ఆయన పట్టుకున్న ఒక కడ్డీలాంటి జీవికే తర్వాత ఆయన పేరు పెట్టారు. మనం రోజూ వినే ఇ. కోలై (E. coli) అదే. ఆ పేరు వినగానే అందరూ రోగమనుకుంటారు, పాపం. అందులో చాలా రకాలు ఏ హానీ చెయ్యవు. పసిపేగులోకి తొలి రోజుల్లోనే వచ్చి చేరే వాటిలో అదొకటి.

మధ్యలో ఒక వాదన లేచింది. 2014లో అమెరికాలో 320 మాయలు (ప్లాసెంటాలు) పరీక్షించి, మాయలోనే బ్యాక్టీరియా ఉంది, బిడ్డకి కడుపులోనే అందుతోంది అన్నారు. పేపర్లన్నీ రాశాయి. 2019లో కేంబ్రిడ్జ్ వాళ్ళు 537 మంది తల్లుల మాయలు తీసుకుని చాలా జాగ్రత్తగా చూస్తే, కనిపించిన గుర్తుల్లో ఎక్కువభాగం పరీక్షకి వాడిన రసాయనాల్లోంచీ, కాన్పు సమయంలో అంటుకున్నవాటిలోంచీ వచ్చినవని తేలింది. ల్యాబ్‌లో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి నాకిది బాగా తెలుసు. కొత్తగా సీలు తీసిన కిట్‌లో కూడా బ్యాక్టీరియా డీఎన్ఏ తునకలు ఉంటాయి. నమూనాలో అసలు సరుకు తక్కువైనప్పుడు ఆ తునకలే పెద్దగా కనిపిస్తాయి. ఇంతకన్నా నాకు గట్టిగా అనిపించే రుజువు ఇంకోటుంది. ఏ సూక్ష్మజీవీ లేని ఎలుకల్ని పరిశోధన కోసం పెంచుతారు. తల్లి ఎలుక కడుపు కోసి, పిల్లల్ని తీసి, క్రిముల్లేని గదిలో పెంచితే అవి బతికినన్నాళ్ళూ అలాగే ఉంటాయి. కడుపులోనే బ్యాక్టీరియా అందుతుంటే ఇది ఎలా కుదురుతుంది? అందుకే ఎక్కువమంది ఇప్పుడు నమ్మేది, పాప ఖాళీ పేగుతోనే వచ్చిందని.

ఇక అసలు విషయానికి వస్తాను. నార్మల్ డెలివరీలో బిడ్డ యోనిమార్గంలోంచి వస్తుంది కాబట్టి అక్కడి మంచి బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్‌లు అంటుకుంటాయి, అవే పొట్టలో స్థిరపడతాయి అని చాలాకాలం అనుకున్నారు. నువ్వు చదివింది కూడా ఇదే అయ్యుంటుంది. 2019లో బ్రిటన్‌లో 596 మంది పిల్లల మలాన్ని పరీక్షించి చూస్తే కథ వేరేగా ఉంది. నార్మల్‌గా పుట్టిన పిల్లల పేగుల్లో నిలిచినవి ఎక్కువగా తల్లి పేగులోని రకాలు. యోనిలోవి కావు. ఎలా అంటావా? చాలా కాన్పుల్లో బిడ్డ ముఖం తల్లి వెన్నువైపు తిరిగి బయటికి వస్తుంది. అంటే నోరూ ముక్కూ తల్లి మలద్వారం పక్కనుంచే వస్తాయి. నొప్పులు తీసేటప్పుడు కొద్దిగా మలం రావడం మామూలే. చెప్పడానికి చాలామంది సిగ్గుపడే ఆ క్షణంలోనే తల్లి తన పేగులోని సంపదలో కొంత బిడ్డకి ఇస్తోంది. నాకైతే ఇందులో అసహ్యపడాల్సింది ఏమీ కనిపించదు. తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

ఆపరేషన్‌తో పుట్టిన పిల్లలకి ఆ దారి తప్పింది, నిజమే. వాళ్ళ పేగుల్లో మొదటి వారాల్లో బ్యాక్టీరాయిడ్స్ అనే జాతి చాలా తక్కువ. దాని బదులు ఆసుపత్రి పరిసరాల్లో తిరిగే ఎంటెరోకాకస్, క్లెబ్సియెల్లా లాంటివి ఎక్కువ. పైగా కోతకి ముందు తల్లికి యాంటీబయాటిక్ ఇస్తారు. అది ఇవ్వక తప్పదు, చెల్లెమ్మ కుట్లు చీము పట్టకుండా మానుతున్నాయంటే దాని చలవ కూడా ఉంది. ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ అంత గట్టిగా చెప్పరు. ఆరు నుంచి తొమ్మిది నెలలకి వచ్చేసరికి రెండు రకాల పిల్లల మధ్య తేడా చాలావరకు పోయింది. బ్యాక్టీరాయిడ్స్ మాత్రం కొందరిలో ఇంకా వెనకబడి ఉన్నాయి. ఆపరేషన్‌తో పుట్టినవాళ్ళలో ఆస్తమా లాంటివి కాస్త ఎక్కువగా కనిపిస్తాయని లెక్కలున్నాయి. నీ దగ్గర దాచను. కానీ ఆ తేడా చిన్నది, దానికి బ్యాక్టీరియానే కారణమని ఇంకా రుజువు కాలేదు. చెల్లెమ్మకి ఆపరేషన్ ఎందుకు చేశారో గుర్తు తెచ్చుకో. పాప గుండె వేగం పడిపోతుంటే ఇంకో గంట ఆగి ఉంటే ఏమయ్యేదో.

మా చిన్నది కూడా ఆపరేషన్‌తోనే పుట్టింది, నీకు తెలుసు. అప్పుడు జరిగినవి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఆ ఆసుపత్రిలో బిడ్డని తీసుకెళ్ళి ఆరు గంటలు వేరే గదిలో పెట్టారు. మమ్మల్ని అడక్కుండానే సీసాతో డబ్బాపాలు పట్టేశారు. మా ఆవిడ మత్తు దిగాక "నా బిడ్డేది, ముర్రుపాలు పట్టాలి" అని ఏడుస్తుంటే ఎవరూ పట్టించుకోలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. ఆ కోపంలోంచే ఒక పని చేశాను. మా సార్‌ని అడిగి, పాప మలం చిటికెడు ల్యాబ్‌కి తీసుకెళ్ళి స్లైడ్ మీద పూశాను. ఊదా రంగు వేసి, అయోడిన్ పోసి, ఆల్కహాల్‌తో కడిగి, చివర్న ఎర్రరంగు వేసి ఆరబెట్టి చూశాను. మొదటి రోజుది చూస్తే కణాల తునకలు, జిగురు, అంతే. ఆరో రోజుకి గులాబీరంగు కడ్డీలు కిక్కిరిసి ఉన్నాయి, మధ్యలో ఊదారంగు గుండ్రటివి జంటలు జంటలుగా. నేను వెతుకుతున్నది లేదు.

ఆ తర్వాత మా ఆవిడ పట్టు వదల్లేదు. రోజుకి పదీ పన్నెండుసార్లు రొమ్ముకి పెట్టుకుని, పాలు బాగా పడ్డాక డబ్బా పూర్తిగా మాన్పించింది. ఆరో వారం మళ్ళీ స్లైడ్ పెట్టాను. నూనె చుక్క వేసి వందరెట్ల లెన్స్ దించి ఫోకస్ తిప్పుతుంటే ఒక్కసారిగా కనిపించాయిరా. ముదురు ఊదారంగు కడ్డీలు, కొన్నిటి చివర పంగలకర్రలా రెండుగా చీలి ఉంది. స్లైడ్ ఎటు జరిపినా అవే. నేను కుర్చీలోంచి లేచి మా సార్‌ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

అవే బిఫిడోబ్యాక్టీరియా. ఇప్పుడు వీటిని అచ్చంగా గుర్తించేది సూక్ష్మంగా జన్యువులు చదివే యంత్రాలతోనే. స్లైడ్ మీద ఆకారం చూసి ఖాయంగా చెప్పకూడదు, అది నాకూ తెలుసు. కానీ వీటిని తొలిసారి ప్యారిస్‌లో పాశ్చర్ సంస్థలో పనిచేసిన హెన్రీ టిస్సియే కనిపెట్టింది అలా చూసే. 1899లో, తల్లిపాలు తాగే బిడ్డ మలంలోంచి. చీలిన ఆకారాన్ని బట్టే బిఫిడస్ అని పేరు పెట్టాడు. తల్లిపాలు తాగే పిల్లల్లో ఇవి విపరీతంగా ఉంటాయని ఆయనే గమనించాడు.

ఎందుకు ఉంటాయన్నది తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. తల్లిపాలలో ఎక్కువ ఉండేవి ఏవి? లాక్టోజ్ అనే చక్కెర, తర్వాత కొవ్వు. మూడో స్థానం దేనిది అనుకుంటావు? మాంసకృత్తులది కాదు. ఆలిగోశాకరైడ్లు అనే చక్కెర గొలుసులది. లీటరు పాలలో 5 నుంచి 15 గ్రాములదాకా ఉంటాయి, 150కి పైగా రకాలు. ముర్రుపాలలో ఇంకా ఎక్కువ. చిత్రమేమిటంటే వీటిని బిడ్డ అరిగించుకోలేదు. వాటిని కత్తిరించే ఎంజైములు బిడ్డ దగ్గర లేవు. అవి అలాగే పెద్దపేగుదాకా జారిపోతాయి. తల్లి తన ఒంట్లోంచి అంత శక్తి ఖర్చుపెట్టి, బిడ్డకి అక్కరకురాని తిండి ఎందుకు తయారుచేస్తుంది? బిడ్డ పేగులో కూర్చున్న బిఫిడోబ్యాక్టీరియా కోసం. ముఖ్యంగా ఇన్ఫాంటిస్ అనే రకానికి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ళు 2008లో దాని జన్యువులన్నీ చదివితే, ఈ గొలుసుల్ని లోపలికి లాక్కుని ముక్కలు చేసే పనిముట్లు వరసగా అమర్చినట్టు కనిపించాయి. అంటే చెల్లెమ్మ పాలు పట్టిన ప్రతిసారీ ఇద్దరికి వడ్డిస్తోంది.

అవి ఆ చక్కెరలు తిని అసిటేట్, లాక్టేట్ అనే పుల్లటి పదార్థాలు వదుల్తాయి. దాంతో పేగు లోపల పులుపెక్కుతుంది. ఆ పులుపులో క్లెబ్సియెల్లా లాంటివి నిలవలేవు. పేగు గోడ కణాలు దగ్గర దగ్గరగా బిగుసుకుంటాయి. నీ కంటికి తెలిసే గుర్తు కూడా చెబుతాను. తల్లిపాలు బాగా తాగే బిడ్డ మలం పసుప్పచ్చగా, పల్చగా, గింజలు గింజలుగా ఉండి, కంపు కొట్టకుండా కొంచెం పుల్లటి వాసన వేస్తుంది. పసుపురంగు బ్యాక్టీరియాది కాదులే, అది పైత్యరసానిదే. వాసనలోని ఆ పులుపు మాత్రం వాటి పనే.

ఒక చిన్న చిక్కుంది. బిఫిడోబ్యాక్టీరియాకి గాలి పడదు. అప్పుడే పుట్టిన బిడ్డ పేగులో కొంత ఆక్సిజన్ ఉంటుంది. మరి ఎలా? ముందు ఇ. కోలై, స్టెఫైలోకాకస్, ఎంటెరోకాకస్ లాంటి గాలిలోనూ బతకగలిగేవి వచ్చి ఆ ఆక్సిజన్‌ని వాడేస్తాయి. ఆ తర్వాతే గాలి పడనివి దిగుతాయి. నా ఆరో రోజు స్లైడ్‌లో ఉన్న గులాబీరంగు గుంపుని చూసి అప్పుడు భయపడ్డాను గానీ, అవి చేసే పని కూడా అవసరమైనదే.

పాలు అనగానే ఇంకోటి. తల్లిపాలు క్రిమిరహితం కావు. 2017లో 107 మంది తల్లీబిడ్డల్ని చూసిన ఒక పరిశోధనలో, ఎక్కువగా రొమ్ముపాలే తాగే పిల్లలకి మొదటి నెలలో పేగు బ్యాక్టీరియాలో దాదాపు 28 శాతం పాలనుంచీ, 10 శాతం చనుమొన చుట్టూ ఉన్న చర్మం నుంచీ వచ్చాయని లెక్క తేలింది. ఆపరేషన్ బల్ల మీద తప్పిన దారి ఒకటైతే, ఇవి రోజూ తెరిచి ఉండే దారులు. 2023లో వేలాది నమూనాలు కలిపి చూసిన లెక్కలో, మొదటి ఏడాదిలో బిడ్డ పేగులో ఉన్న రకాల్లో దాదాపు సగం తల్లితో సరిపోలాయి. మిగతా సగం? నీ దగ్గర్నుంచి, పెద్దవాడి దగ్గర్నుంచి, ఎత్తుకున్న ప్రతివాళ్ళ దగ్గర్నుంచి. కాబట్టి నువ్వు దూరంగా నిలబడి చూడకు. చొక్కా విప్పి పాపని ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకో, పైన దుప్పటి కప్పు. చేతులు కడుక్కో, జలుబున్నవాళ్ళని దగ్గరికి రానివ్వకు. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్ళు పాపని ముద్దు పెట్టుకోకూడదు, అది మాత్రం గట్టిగా చెప్పు. ఆ పొక్కులో ఉండే వైరస్ నెలలోపు పిల్లలకి ప్రాణం మీదికి తెస్తుంది.

గాజుగుడ్డ సంగతి అడిగావు. తల్లి యోనిస్రావంలో తడిపిన గుడ్డతో ఆపరేషన్ బిడ్డ నోరూ ఒళ్ళూ తుడవడం. మరియా గ్లోరియా డొమింగెజ్-బెలో బృందం 2016లో నలుగురు పిల్లలకి అలా చేసి ప్రచురించింది. కానీ మరుసటి ఏడాదే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం, పరిశోధనల్లో తప్ప బయట చెయ్యొద్దంది. తల్లికి తెలియకుండా ఉన్న ఇన్ఫెక్షన్ బిడ్డకి చేరే ప్రమాదముంది. 2020లో ఫిన్లాండ్‌లో తల్లి మలాన్ని శుద్ధిగా కొద్దిగా పాలలో కలిపి ఏడుగురు ఆపరేషన్ పిల్లలకి పట్టారు. మూడు నెలలకి వాళ్ళ పేగులు నార్మల్‌గా పుట్టినవాళ్ళ పేగుల్లాగే అయ్యాయి. వినడానికి బాగుంది కదా? కానీ ముందుకొచ్చిన తల్లులు 17 మంది, పరీక్షలన్నీ చేశాక పనికొచ్చినవాళ్ళు ఏడుగురే. ఇంట్లో ఇలాంటివి ఊహించను కూడా ఊహించకు.

మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ చుక్కల మందు కొనాలా అన్నావు. ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసిపిల్లల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి, పినాకి పాణిగ్రాహి నడిపించారు. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక ప్రత్యేకమైన రకాన్ని, దానికి తిండిగా ఒక చక్కెరని కలిపి ఏడు రోజులు పట్టారు. రక్తంలో ఇన్ఫెక్షన్ చేరి ఒళ్ళంతా పాకడం (సెప్సిస్), మరణం, రెండూ కలిపి చూస్తే 40 శాతం తగ్గాయి. అది చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి. అయితే ఆ ఫలితం ఆ రకానిది. షాపులో సీసా మీద ప్రోబయాటిక్ అని రాసి ఉన్నంత మాత్రాన అదే పని చేస్తుందనుకోవడానికి లేదు. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ నెలలు నిండని పిల్లలకి ఆసుపత్రుల్లో ఇవి ఇవ్వడం గురించి హెచ్చరిక కూడా చేసింది. మీ పాప నెలలు నిండి పుట్టింది, పాలు తాగుతోంది. డాక్టరు చెబితే తప్ప నువ్వుగా ఏదీ వెయ్యకు. తేనె కూడా ఏడాది నిండేదాకా నాలిక్కి తగలనివ్వద్దు. తేనెలో బోటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగులో మిగతా బ్యాక్టీరియా అణిచిపెట్టే ఆ బీజాలు, పసిపేగులో అడ్డుచెప్పేవాళ్ళు లేక మొలకెత్తి విషం చిమ్ముతాయి.

పాలు చాలకపోతే డబ్బాపాలు పట్టండి, చెల్లెమ్మ దానికి ఏడవకూడదు. ఆకలితో ఉన్న బిడ్డకి ముందు కడుపు నిండాలి. డబ్బాపాలు తాగే పిల్లల పేగులో బిఫిడోబ్యాక్టీరియా తగ్గి మిగతా రకాలు త్వరగా పెరుగుతాయి, అంతేగానీ ఖాళీగా ఉండదు. కొద్దిగా రొమ్ముపాలు అందినా అందినంత మంచిదే. యాంటీబయాటిక్ విషయంలో కూడా అంతే. నిజంగా ఇన్ఫెక్షనైతే వెనకాడకు, మామూలు జలుబుకి మాత్రం నువ్వుగా అడగకు.

ఇదంతా ఒకరోజులో అయ్యేది కాదు. పాలు తగ్గి అన్నం పెరిగేకొద్దీ బిఫిడోబ్యాక్టీరియా వెనక్కి తగ్గి, పీచు అరిగించేవి ముందుకొస్తాయి. స్వీడన్‌లో 98 మంది తల్లీబిడ్డల్ని ఏడాదిపాటు చూస్తే, ఘనాహారం మొదలుపెట్టడం కన్నా పాలు మాన్పించడమే పెద్ద మలుపని కనిపించింది. పెద్దవాళ్ళ పేగులాగా కుదురుకోవడానికి సుమారు మూడేళ్ళు. మీ పాపకి గడిచినవి మూడు రోజులు.

పాలు బాగా పడితే ఎల్లుండికల్లా రంగు మారాలి. ముందు ఆకుపచ్చ, తర్వాత పసుపు. ఐదో రోజుకి కూడా ఇంకా నల్లగానే ఉంటే పాలు సరిగా అందడం లేదని అర్థం, వెంటనే డాక్టరుకి చూపించు. ఎల్లుండి సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను. పాప ఎలా ఉందని ముందు అడగను, డైపర్ రంగే అడుగుతాను, విసుక్కోకు.

చెల్లెమ్మకి మా ఇద్దరి ఆశీస్సులు. పాపకి నా తరఫున అరికాలి మీద ఒక ముద్దు.

నీ
మురళి